చెవిలో నీరు, స్టెరాయిడ్ సిరప్పు

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల మనిషిని. మా ఇంట్లో జరిగింది కాబట్టి ఈ విషయం చదవాల్సొచ్చింది.

మా అబ్బాయికి అయిదేళ్ళు. ఒక చలికాలం, తెలుగులో ఏమడిగినా "ఊఁ?" అనడం, లేకపోతే అసలు పలక్కపోవడం మొదలెట్టాడు. స్కూల్లో చేరాక తెలుగు వదిలేస్తున్నాడనుకుని మా ఆవిడా నేనూ కోప్పడ్డాం కూడా. తెనాలి నుంచి ఫోన్లో మాట్లాడుతూ మా అమ్మే పట్టేసింది. "ఒరే, వాడికి తెలుగు రాక కాదురా, వినపడక."

పీడియాట్రీషియన్ చూసి కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. నొప్పి లేదు, జ్వరం లేదు, అందుకే మాకు తెలియలేదు. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి అందించే సన్నటి గొట్టం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే మూసుకుపోతుంది. గాలి ఆడని చోట నీరు ఊరి, ఒక్కోసారి జిగురులా చిక్కబడుతుంది. చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటే ఎలా వినిపిస్తుందో వాడికి అలా వినిపించేదన్నమాట.

"మూడు నెలలు ఆగి చూద్దాం" అన్నారు. ఏమీ చెయ్యకపోవడానికి కూడా ఫీజు తీసుకోవచ్చని మా కన్సల్టెంట్లకి ఇన్నాళ్ళూ తెలీదు! ఈలోగా ఇండియా నుంచి బంధువు ఒకాయన, వారం రోజులు స్టెరాయిడ్ సిరప్పు పట్టిస్తే ఎండిపోతుందన్నారు. వాపు తగ్గించే మందే కదా, నాకూ సబబుగానే తోచింది.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఎందుకా అని వెతికాను. వేల్స్, ఇంగ్లండు ఆసుపత్రుల్లో 2 నుంచి 8 ఏళ్ళ పిల్లలు 389 మందిని తీసుకుని, సగం మందికి ఏడు రోజులు ప్రెడ్నిసొలోన్, మిగతావారికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. అయిదు వారాలకి వినికిడి బాగుపడింది స్టెరాయిడ్ వాడినవాళ్ళలో 40 శాతం, వాడనివాళ్ళలో 33 శాతం. ఆ కాస్త తేడా కాకతాళీయం కూడా కావచ్చు. నన్ను ఆశ్చర్యపరిచింది రెండో అంకె: ఏ మందూ లేకుండానే మూడోవంతు మంది బాగుపడ్డారు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2016 మార్గదర్శకాల్లో కూడా దీనికి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్, జలుబు మందులు వద్దనే ఉంది.

అయితే ఆగడమంటే మర్చిపోవడం కాదు. మూడు నెలలు దాటినా నీరుంటే వినికిడి పరీక్ష చేయించాలి. మాటలు ఆలస్యమైనవాళ్ళు, డౌన్ సిండ్రోమ్, అంగిలి చీలిక ఉన్న పిల్లల విషయంలో అంతవరకూ ఆగకూడదు. తగ్గకపోతే నాలుగేళ్ళలోపు వాళ్ళకి చెవిలో చిన్న ట్యూబులు, పెద్దవాళ్ళకి ట్యూబులో, అడినాయిడ్స్ తియ్యడమో, రెండూనో. ట్యూబులు సాధారణంగా ఏడాది అటూ ఇటూగా వాటంతటవే ఊడిపోతాయి.

మేం ఈలోగా టీవీ కట్టేసి, దగ్గరికెళ్ళి మొహం చూస్తూ మాట్లాడాం. టీచరుగారు వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టారు. నాలుగో నెలలో పరీక్ష చేస్తే రెండు చెవులూ బాగున్నాయి.

మా అమ్మకి మాత్రం ఫోన్లో గట్టిగా అరవడం అలవాటైపోయింది. మొన్న వాడే అన్నాడు, "నానమ్మా, ఎందుకలా అరుస్తావ్?"