పాల బూత్ వద్ద సెల్‌ఫోను వీడియోలు: సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు



పట్నాలలో పాల బూత్ ముందు నిలబడి, ప్యాకెట్ ఇస్తున్న మనిషిని సెల్‌ఫోనులో వీడియో తీసి, "ఇవి కల్తీ పాలు" అని పదిమందికీ పంపించే అలవాటు పెరిగింది. బూత్‌లో ఉన్నది కమీషనుకో, నెల జీతానికో పనిచేసే మనిషి. ప్యాకెట్‌లో ఉన్నవి మనం పోసిన పాలు. అపవాదు వల్ల అమ్మకం పడిపోతే ఆ నష్టం చివరకు పాడి రైతుకే తగులుతుంది. అయితే కొనేవారికి ప్రశ్నించే హక్కు లేదని దీని అర్థం కాదు.

వీడియోలో తెలిసేవి, తెలియనివి

అచ్చువేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం, గడువు దాటిన ప్యాకెట్ అమ్మడం, ప్యాకెట్ చిల్లిపడి ఉండడం కంటికి కనిపించే సంగతులు. వీటికి ఫోటో మంచి ఆధారమే.

వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., కల్తీ మాత్రం పరీక్షలోనే తేలుతాయి. మీగడ సాగినంత మాత్రాన అది ప్లాస్టిక్ కాదు. కాచిన పాలలో వెన్న, మాంసకృత్తులు కలిసి పైన పొర కడతాయి. పాలు విరగడానికి సాధారణ కారణం చల్లదనం తప్పి పులుపు పెరగడం. టోన్డ్ పాలలో ఉండవలసిన వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. కనుక టోన్డ్ పాలు పలుచగా ఉన్నాయని చూపి నీళ్లు కలిపారనడం సరికాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవారికి తెలపాలి. లోపం రుజువైతే రుసుము తిరిగి పొందవచ్చు.

బూత్ ముందు వీడియో తీసినంత మాత్రాన నేరమని చెప్పలేము. కాని ఒకరి పరువు పోయేలా అబద్ధపు ఆరోపణను ప్రచారం చేస్తే అది వేరు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి 2 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చు.

మన సేకరణ కేంద్రంలో

టెస్టర్‌ను వీడియో తీసే సభ్యులకూ ఇదే వర్తిస్తుంది. తన పాల కొలత, వెన్న శాతం కళ్లారా చూసుకోవడం ప్రతి సభ్యుని హక్కు. అనుమానం వస్తే శాంపిల్ పారబోయక ముందే, కార్యదర్శి ఎదుట, మళ్లీ పరీక్ష చేయమని అడగండి. ఫోటో అవసరమైతే చెప్పి, మిషను చూపిన అంకెను తీయండి. మనిషి ముఖాన్ని కాదు. సంఘం వారు కూడా ధరల పట్టిక గోడకు అంటించాలి, ప్రతి పూటా రశీదు ఇవ్వాలి. అంకెలు దాచిన చోటే ఫోన్లు పైకి లేస్తాయి.

పాటించవలసిన పద్ధతులు

1. ఫిర్యాదు చేసేవారు ఖాళీ ప్యాకెట్, బ్యాచ్ నంబరు, తేదీ భద్రపరచాలి. మిగిలిన పాలను ఫ్రిజ్‌లో ఉంచాలి.

2. ముందుగా ప్యాకెట్‌పై ఉన్న డెయిరీ నంబరుకు తెలపాలి. పరిష్కారం దొరకకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

3. బూత్‌లో పనిచేసేవారు ఎవరి ఫోనూ లాక్కోరాదు, మాటకు మాట పెంచరాదు. "నా ముఖం తీయకండి, ప్యాకెట్ తీసుకోండి" అని మర్యాదగా చెప్పి, ఫిర్యాదును పుస్తకంలో రాసి, అదే రోజు డెయిరీకి తెలపాలి.

4. పట్నంలో ఉన్న మీ పిల్లలకు, బంధువులకు ఈ సంగతులు చెప్పండి. రుజువు లేని వీడియో మీ ఫోనుకు వస్తే మరొకరికి పంపకండి.