ఎస్తోనియా పల్లె సరాయి – 1858 నాటి రైతుల తిరుగుబాటు

ఐరోపా ఖండపు ఈశాన్య భాగంలో, బాల్టిక్ సముద్రతీరాన ఎస్తోనియా అనే చిన్న దేశం ఉన్నది. దాని రాజధాని టాలిన్. ఆ నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన యూరు అనే గ్రామమూ, దాని సమీపంలో మాహ్ట్రా అనే మరొక గ్రామమూ ఉన్నాయి. 1858లో మాహ్ట్రా జమీందారీలో రైతులకూ, సైనికులకూ నడుమ ఘర్షణ జరిగింది. ఒక్క పూటలో ముగిసిన ఆ ఘర్షణను ఎస్తోనియా ప్రజలు నేటికీ ‘మాహ్ట్రా యుద్ధం’ అనే పిలుస్తారు. యూరు ప్రాంతంలోనే అట్లా-ఏరు అనే పేరుగల పాత సరాయి ఒకటి ఉన్నది. (ఈ ‘ఏరు’కు మన ఏటితో ఏ సంబంధమూ లేదు.) తిరుగుబాటుకు ముందు రైతులు కూడి ఆలోచన చేసినది ఆ సరాయిలోనే అని స్థానికులు చెప్పుకుంటారు. ఒక జమీందారీ సరాయికీ, జమీందారుపైనే లేచిన తిరుగుబాటుకూ గల ఈ సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందుగా మాట సంగతి చూద్దాం. ఎస్తోనియా భాషలో ఇట్టి ఇంటిని ‘కొర్ట్స్’ అంటారు. దీనికి సరియైన తెలుగు మాట వెతకడం కొంచెం కష్టమే. సత్రం అందామా అంటే సత్రం ధర్మార్థం కట్టినది. పూటకూళ్ళ ఇల్లు అందామా అంటే అక్కడ భోజనమే ప్రధానం, మద్యం లేదు. ఉర్దూలో ‘సరాయ్’ అనే మాట ఉన్నది. బాటసారులూ, వారి పశువులూ రాత్రికి తలదాచుకునే చోటు అని దాని అర్థం. ఇది దగ్గరగా వస్తుంది కనుక దానినే వాడుతున్నాను. తెలుగు లిపిలో ఒక్క దీర్ఘం చేరిస్తే సరాయి కాస్తా సారాయి అవుతుంది. ఎస్తోనియా సరాయిని పోషించినది ఆ దీర్ఘమే.

ఆ దేశపు సాంఘిక వ్యవస్థ తెలియనిదే ఈ కథ అర్థం కాదు. పదమూడవ శతాబ్దంలో జర్మన్ యోధులు ఆ భూభాగాన్ని జయించిన నాటినుండి భూములన్నీ జర్మన్ భాష మాట్లాడే ప్రభువుల చేతికి పోయినవి. తరువాత కాలంలో స్వీడన్ రాజులు పాలించారు. 1710లో రష్యా చక్రవర్తి ఏలుబడి వచ్చింది. పై పాలకులు మారినా జమీందార్లు మారలేదు. చక్రవర్తిది రష్యన్ భాష, దొరది జర్మన్ భాష, నాగలి పట్టినవానిది ఎస్తోనియా భాష. ‘సాక్స్’ అనే మాటకు ఎస్తోనియా భాషలో జర్మనువాడు అని ఒక అర్థం, దొర అని మరొక అర్థం. రైతు తన కమతానికి బదులుగా దొర పొలంలో వారానికి ఇన్ని రోజులని వెట్టిచాకిరీ చేయవలసి ఉండేది. వెట్టి అనే మాటకు తెలంగాణ ప్రాంతపు విద్యార్థులకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక సారాయి విషయం. రష్యా సామ్రాజ్యంలో మద్యం కాచే హక్కు ప్రభువర్గానికే పరిమితమై ఉండేది. ఎస్తోనియా జమీందార్లకు ఇది పొలం కంటె పెద్ద పంట. ధాన్యాన్ని బండ్లకెత్తి దూరాన ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చేర్చడం ఖర్చుతో కూడిన పని. అదే ధాన్యాన్ని సారాయిగా కాచి పంపితే బరువు తక్కువ, వెల ఎక్కువ. కాచగా మిగిలిన మడ్డి ఎడ్లకు మేత అవుతుంది, ఆ ఎడ్ల పేడ మళ్ళీ పొలానికి ఎరువు అవుతుంది. రాజధానికి పోగా మిగిలిన సారాయి అమ్ముకొనడానికి దొర తన జమీలో, బాటల కూడళ్ళలో, చర్చి సమీపంలో సరాయిలు కట్టించేవాడు. ఇల్లు దొరది, సరుకు దొరది. నడిపేవాడు మాత్రం కౌలుదారు. అతడు ఆ దొర బట్టీలో కాచిన సరుకు తప్ప మరొకటి అమ్మరాదు. మన దేశంలోని ఆబ్కారీ ఇజారా పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. భేదమల్లా, అక్కడ ఇజారా ఇచ్చేది ప్రభుత్వం కాదు, భూస్వామి. రైతు పగలు దొర పొలంలో ఊరకే పనిచేసి ధాన్యం పండిస్తాడు. ఆ ధాన్యమే సారాయి అయి తిరిగి వస్తే సాయంకాలం డబ్బిచ్చి కొనుక్కుంటాడు. ఇంత పరిపూర్ణమైన చక్రాన్ని ఊహించినవాడెవడో గాని లెక్కలు బాగా తెలిసినవాడు.

ఆ ఇంటి నిర్మాణం కూడా చూడదగినది. ఉత్తర ఎస్తోనియాలో సున్నపురాయి విరివిగా దొరుకుతుంది. కనుక గోడలు తరచుగా ఆ రాతితోనే కట్టేవారు. ఇల్లు పొడవుగా, పైకప్పు ఏటవాలుగా పెద్దదిగా ఉంటుంది. నడుమ జనం కూర్చునే గదులు, రెండు కొనలలో గుర్రాలకూ బండ్లకూ విశాలమైన సాలలు. చలికాలంలో మంచు కురుస్తూ ఉంటే బండివాడు బండితో సహా లోపలికే వచ్చేవాడు. పెద్ద సరాయిలలో జనానికి ఒక గది, దొరలకు వేరొక గది ఉండేవి. నాటి సంఘం ఎట్లా చీలి ఉన్నదో తెలుసుకొనడానికి ఆ ఇంట్లో ఒకసారి నడిస్తే చాలు.

అయితే ఒక ఇల్లు కట్టినవాడి ఉద్దేశానికే కట్టుబడి ఉండదు. చలికాలంలో రైతులు దొర సారాయిని, ధాన్యాన్ని బండ్లమీద టాలిన్‌కూ, పీటర్స్‌బర్గ్‌కూ చేరవేయవలసి ఉండేది. అదీ చాకిరీలో భాగమే. తిరిగి వస్తూ ఉప్పు, ఇనుముతో బాటు వార్తలు కూడా తెచ్చేవారు. ఏ జమీలో ఏం జరిగింది, ఎవరిని కొట్టారు, రాజధానిలో ఏమనుకుంటున్నారు అన్నవన్నీ సరాయిలో దిగేవి. ఆదివారం చర్చి ముగిసిన తరువాత వేర్వేరు జమీల జనం కలుసుకునే చోటు కూడా అదే. ఒక జమీ రైతు మరొక జమీ రైతుతో స్వేచ్ఛగా మాట్లాడగలిగిన కప్పుగల ఇల్లు చర్చి తరువాత అదొక్కటే. చర్చిలో మాట్లాడేది పాదరీ. సరాయిలో ఎవరైనా మాట్లాడవచ్చును. జమీందారు తన సారాయి అమ్ముకొనడానికని కట్టించిన ఇల్లు రైతులకు, ఎవరూ అనుమతించని సభామందిరమయింది.

ఆ సభామందిరంలో 1858లో ప్రధాన చర్చనీయాంశం ఒక చట్టం. దాని పూర్వకథ కొంత చెప్పాలి. ఎస్తోనియా రాష్ట్రంలో అర్ధదాస్యం 1816లోనే రద్దయినది. రైతు స్వతంత్రుడని శాసనం ప్రకటించింది. కాని భూమి యావత్తూ జమీందారుదే అని కూడా అదే శాసనం చెప్పింది. మనిషి స్వతంత్రుడు, అతని కాలికింది నేల మాత్రం దొరది. కనుక ఆ నేలమీద నిలబడడానికి రైతు మళ్ళీ వెట్టికే ఒప్పుకోవలసి వచ్చింది. నలభై ఏండ్ల తరువాత, 1856లో, మరొక రైతు చట్టం వెలువడింది. వెట్టికి బదులు రొక్కపు కౌలు చెల్లించడానికీ, భూమి కొనడానికీ ఇది కొంత దారి చూపింది. మామూలు వెట్టి రోజులు గాక, ఎరువు తోలేటప్పుడూ, కోతల కాలంలోనూ అదనంగా చేయించుకునే చాకిరీ ఒకటి ఉండేది. దానిని ‘అబితేగు’, అనగా సహాయపు పని, అనేవారు. పేరు ఎంత మృదువో పని అంత కఠినం. తన పైరు పండి కోతకు వచ్చిన వేళకే రైతు దొర పైరు కోయడానికి పోవాలి. కొత్త చట్టం ఈ అదనపు చాకిరీని తొలగించదలచింది గాని, వెంటనే కాదు, క్రమక్రమంగా.

1858 వసంతంలో ఈ చట్టం ఎస్తోనియా భాషలో రైతుల చేతికి వచ్చింది. ఆ దేశపు రైతులలో చదవడం వచ్చినవారు తక్కువ కాదు. లూథరన్ చర్చి మతగ్రంథం చదివించే నిమిత్తం అక్షరాలు నేర్పింది. అక్షరం వచ్చినవాడు మతగ్రంథం ఒక్కటే చదివి ఊరుకోడు గదా! రైతులు చట్టాన్ని చదివారు. అదనపు చాకిరీ ఉండరాదు అన్నమాట వారికి స్పష్టంగా కనిపించింది. ఎప్పటినుండి, ఏ షరతులపై అన్నది అంత స్పష్టంగా కనిపించలేదు. శాసనభాష ఎక్కడైనా చిక్కుముడే. అది అనువాదంలో మరింత బిగుస్తుంది. రెండు భాషల నడుమ చదువుకునే మన విద్యార్థులు ఈ ఒక్క విషయాన్ని శ్రద్ధతో గమనించవలెనని నా కోరిక. ‘చక్రవర్తి మంచి చట్టమే ఇచ్చాడు, దొరలు దానిని దాచి వేరొకటి చూపుతున్నారు’ అనే నమ్మకం ఊరూరా వ్యాపించింది. ఇది పొరపాటు నమ్మకమే. కాని నలభై ఏండ్ల క్రితం స్వేచ్ఛ పేరుతో ఏమి దక్కినదో చూచినవారికి అట్టి అనుమానం కలగడంలో వింత లేదు.

వేసవి మొదట్లో, ఎరువు తోలే కాలం రాగానే, అనేక జమీలలో రైతులు అదనపు పనికి పోము అన్నారు. అధికారులు నచ్చజెప్పారు, బెదిరించారు, కొరడాలతో కొట్టించారు. మాహ్ట్రా రైతులు లొంగలేదు. వారిని దండించడానికి సైనికులను పంపారు. పాత రష్యన్ పంచాంగం ప్రకారం జూన్ 2, నేటి లెక్కలో జూన్ 14, సోమవారం. ముందురోజు ఆదివారం కావడం గమనార్హం. చర్చి వద్దా, సరాయిల వద్దా జనం కూడే రోజది. మరునాడు మాహ్ట్రాలో ఇరుగుపొరుగు జమీల రైతులు కూడా కర్రలు పట్టుకొని సిద్ధంగా ఉన్నారు. సుమారు 50 మంది సైనికుల ఎదుట ఏడెనిమిది వందల మంది రైతులు నిలబడ్డారు. ఇన్ని జమీలవారికి ఆ వార్త ఎట్లా చేరిందని ప్రశ్నించుకుంటే, అట్లా-ఏరు గురించి చెప్పుకునే కథలో సత్యం ఏపాటి ఉన్నా, ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

సైనికులు కాల్పులు జరిపారు. రైతులు వెనుదీయక మీదపడ్డారు. పదిమంది రైతులు ప్రాణాలు కోల్పోయారు. సైనికాధికారి ఒకరు మరణించారు. సైనికులు వెనుకకు తగ్గవలసి వచ్చింది. రైతులు జమీందారు భవనానికి నిప్పు పెట్టారు. విజయం అంతటితో సరి. అదనపు బలగాలు వచ్చాయి. అరవై మందికి పైగా రైతులను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. మొదట మరణదండనలు విధించి, పిదప వానిని తగ్గించారు. తగ్గించిన శిక్ష ఏమిటంటే, రెండు వరుసలుగా నిలిచిన సైనికుల నడుమ నడిపిస్తూ వందల కొద్దీ దెబ్బలు కొట్టడం, పలువురిని సైబీరియాకు ప్రవాసం పంపడం. ఆ వేసవిలోనే అనియా అనే జమీ రైతులు తమ గోడు చెప్పుకొనడానికి టాలిన్‌లో గవర్నరు వద్దకు పోయారు. వారిని ఆ నగరపు అంగడి వీధిలో, జనం చూస్తుండగా కొరడాలతో కొట్టించారు.

ఇట్టి సంఘటనను సరాయిలో మొదలైన తాగుబోతుల అల్లరి అని కొట్టివేయడం సులభమే. నాకు ఆ అభిప్రాయం సమ్మతం కాదు. తాగిన మైకం ఒక రాత్రి ఉంటుంది, ఒక ఊరిలో ఉంటుంది. ఇక్కడ అనేక జమీల రైతులు, వారాల తరబడి, ఒకే పనిని, చట్టంలోని ఒకే అంశాన్ని ఆధారం చేసుకొని నిరాకరించారు. అనియా రైతులు కర్రలతో కాదు, విన్నపంతో పోయారు. అయినా దెబ్బలు తప్పలేదు. అట్లని సరాయిని పవిత్రస్థలంగా వర్ణించడమూ న్యాయం కాదు. ఎన్నో కుటుంబాల ధాన్యం, డబ్బు అక్కడే కరిగిపోయినవి. ఆ శతాబ్దం చివరి దశకాలలో ఎస్తోనియా జాతీయోద్యమంతో బాటు మద్యనిషేధ సంఘాలు కూడా బలంగా లేచినవంటే కారణం లేకపోలేదు. ఒకే ఇల్లు రైతును పీల్చింది, రైతులను కలిపింది. ఈ రెండింటిలో ఒకదానినే చెబితే చరిత్ర సగమే చెప్పినట్లు.

వెట్టి 1868లో రద్దయినది. మాహ్ట్రా సంగతిని ఎస్తోనియా ప్రజల మనసులో శాశ్వతంగా నిలిపినవాడు ఎడువార్డ్ విల్డే (1865–1933). జమీందారీ కొలువులో ఉన్న కుటుంబంలో పుట్టిన ఈ రచయిత, నాటి సంఘటనలు చూచిన వృద్ధుల జ్ఞాపకాలు సేకరించి 1902లో ‘మాహ్ట్రా యుద్ధం’ అనే నవల ప్రకటించాడు. మరుసటి ఏడు అనియా రైతుల కథను కూడా నవలగా రాశాడు. అంతవరకు న్యాయస్థానపు కాగితాలలో నేరస్థులుగా ఉన్న రైతులు ఆ నవలతో కథానాయకులయ్యారు. విల్డే నవల వెలువడిన మూడేండ్లకు, 1905 డిసెంబరులో, మళ్ళీ తిరుగుబాటు చెలరేగి నూటికి పైగా జమీందారీ భవనాలు తగలబడినవి. చివరకు 1919లో స్వతంత్ర ఎస్తోనియా ప్రభుత్వం భూసంస్కరణ చట్టం చేసి జమీందార్ల భూములను స్వాధీనం చేసుకొని రైతులకు పంచింది.

సరాయిల కథ అంతకుముందే ముగింపుకు వచ్చింది. 1900లో రష్యా ప్రభుత్వం మద్యవిక్రయాన్ని తన గుత్తాధిపత్యంలోకి తీసుకున్నది. దొర సారాయికి దారి మూసుకుపోయింది, సరాయిలు ఒక్కొక్కటిగా మూతపడినవి. కొన్ని కూలిపోయినవి, కొన్ని మరమ్మతులు పొంది నిలిచినవి. 1970లో యూరు గ్రామంలో మాహ్ట్రా రైతు మ్యూజియం ప్రారంభమయింది. టాలిన్‌లోని ఆరుబయలు మ్యూజియంలో, పూర్వం టాలిన్–తార్తు బాటమీద ఉండిన కోలు గ్రామపు సరాయిని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. దానిలో జనం గది, దొరల గది యథాతథంగా ఉన్నాయి. అక్కడ ఇప్పటికీ భోజనం దొరుకుతుంది. టికెట్టు కొన్నవారెవరైనా తమకు నచ్చిన గదిలో కూర్చోవచ్చు.