వార్తల్లో పదం: అక్రమ ప్రభుత్వ సాయం

ఐరోపా సమాఖ్యలో ఏ ప్రభుత్వమూ ఎంపిక చేసిన కంపెనీకే పన్ను మేలు చేసి పోటీని దెబ్బతీయకూడదు. చేస్తే అది అక్రమ సాయం, తిరిగి రాబట్టాల్సిందే. 1991, 2007లలో యాపిల్‌కు ఐర్లాండ్ ఇచ్చిన పన్ను ఉత్తర్వులు అలాంటివేనని యూరోపియన్ కమిషన్ 2016లో తేల్చింది. బకాయి 1,300 కోట్ల యూరోల దాకా ఉంటుందంది. ఐర్లాండ్‌లో అప్పట్లో వ్యాపార లాభాలపై పన్ను 12.5 శాతం. 2014లో యాపిల్ అనుబంధ సంస్థపై పడింది, కమిషన్ లెక్కలో, 0.005 శాతమే!

ఆ సొమ్ము వద్దంటూ ఐర్లాండే కోర్టుకెక్కింది. పెట్టుబడులు జారిపోతాయన్న దాని బెంగ అర్థమవుతుంది. కానీ వీధి చివరి దుకాణదారుకు లేని వెసులుబాటు అంత పెద్ద సంస్థకెందుకు? వసూలే న్యాయం. 2020లో కింది కోర్టు కమిషన్ ఉత్తర్వును కొట్టేసినా, 2024 సెప్టెంబరులో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. అంతవరకు ఎస్క్రో ఖాతాలో (వివాదం తేలేదాకా సొమ్ము భద్రపరిచే ఖాతా) ఉన్న డబ్బు ఐర్లాండ్ ఖజానాకు దారి పట్టింది.