గాలిలో వేళ్లు నీళ్లెలా తాగుతాయి?

గోపాలపట్నం దాటి అరకు రోడ్డు పట్టుకుంటే, తూర్పు కనుమల్లో చెట్ల కొమ్మలకు అతుక్కుని పెరిగే ఆర్కిడ్లు కనిపిస్తాయి. వాటిలో ఒకటి వాండా టెస్సెల్లాటా. చాలామంది దాన్ని బదనిక అనేసి, చెట్టు రసం పీల్చేస్తుందనుకుంటారు. పాపం, అది చెట్టు నుంచి చుక్క కూడా తీసుకోదు. నిలబడేందుకు చోటిస్తే చాలు.

మరి నీళ్లో? ఎండిన వేరు తెల్లగా, వెండిరంగులో ఉంటుంది. పైనున్నది వెలమెన్ అనే పొర. అందులోని కణాలు చచ్చిపోయి డొల్లగా మిగిలినవి. దానిమీద నాలుగు చుక్కలు చల్లి చూడండి, కళ్లముందే పచ్చబడుతుంది! డొల్ల కణాలు స్పాంజిలా నీటిని పీల్చుకోగానే, లోపలి పత్రహరితం బయటికి కనిపిస్తుందన్నమాట. ఈ వేళ్లు ఎండతో ఆహారం కూడా తయారుచేస్తాయి.

బెరడుకు ఆనుకున్న వైపు, వేరు కణాల్లో శిలీంధ్రపు పోగులు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఈ శిలీంధ్రం అవసరం విత్తనం దశలోనే మొదలవుతుంది. ఆర్కిడ్ విత్తనం ధూళి రేణువంతే. మొలకకు కావలసిన తిండి అందులో ఉండదు. శిలీంధ్రం లోపలికొచ్చి పోషకాలు అందిస్తేనే అడవిలో అది మొలకెత్తుతుంది. 1899లో ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ ఈ సంగతి బయటపెట్టాడు. లేత మొలక ఆ చుట్టలను అరిగించుకుంటూ పెరుగుతుంది. ఒక్కో కాయలో వేలకొద్దీ గింజలున్నా, తగిన శిలీంధ్రం దొరికినవే బతుకుతాయి. పక్కపక్క చెట్లలో ఒకదానిమీద ఆర్కిడ్లు గుంపుగా ఉండి, రెండోదానిమీద ఒక్కటీ లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.