పొట్టి ఏరియల్ – ప్రసరణ నిరోధపు లెక్క

రేడియో వినుట మనకు పరిచితమే. లాభాపేక్ష లేక, ప్రభుత్వానుమతిమీద తమ యింటనే ప్రసారయంత్రము నెలకొల్పుకొని దూరస్థులతో సంభాషించువారును కలరు. వారిని అమెచ్యూర్లందురు. 2007లో జెనీవాయందు సమావేశమైన రాజ్యములు 135.7 మొదలు 137.8 కిలోహెర్ట్జుల వరకు గల సన్నని పట్టీని వీరికి విడిచినవి. 2017లో అమెరికా ప్రభుత్వమును తన పౌరులకు దానిని అనుమతించెను. అన్ని దిక్కులకు సమానముగా వెలుగునిచ్చు దీపమువంటి యేరియల్‌ను ఊహించి, దానితో పోల్చినపుడు ఒక్క వాటు శక్తికి మించరాదని నియమము.

ఆ దేశమున స్థిరపడిన నా పూర్వశిష్యు డొకడు ఇట్లు జాబు వ్రాసెను: "గురువుగారూ, నా యేరియల్ 10 మీటర్ల యెత్తు. దానిలోనికి 600 వాట్లు పంపుచున్నాను. నేను చట్టము మీఱుచున్నానా?" బడిలో దశాంశబిందువును జాఱవిడుచుట వానికి అలవాటు. కనుక నేనే కాగితము తీసికొని కూర్చుంటిని.

వాడు మీటరుతో కొలువగా ఏరియల్ నిరోధము 60 ఓములు వచ్చినది. అందు రెండు పాళ్లు కలవు. భూమిలోను, తీగచుట్టలోను వేడియై నశించు శక్తికి సంబంధించినది నష్టనిరోధము. తరంగములై వెడలు శక్తికి సంబంధించినది ప్రసరణ నిరోధము. మీటరు ఈ రెంటిని విడదీసి చూపజాలదు. మోటతో తోడిన నీరు ఇసుకకాలువలో ఎంత యింకునో మీ రెఱుగుదురు. బావికడ బానలు లెక్కించినంతమాత్రమున మడికి చేరిన నీరు తెలియునా?

కావున ప్రసరణ నిరోధమును లెక్కచేతనే అంచనా వేయవలెను. ఏరియల్ యొక్క సార్థకమైన యెత్తును తరంగదైర్ఘ్యముచే భాగించి, ఫలమును వర్గించి, 1580చే గుణించిన చాలును. తరంగముకంటె మిక్కిలి పొట్టియైన యేరియళ్లకే యీ సూత్రము చెల్లును.

సార్థకమైన యెత్తనగా నేమి? ఒంటితీగను నిలువుగా కట్టినచో, అడుగున మెండుగానున్న విద్యుత్ప్రవాహము పైకి పోనుపోను తగ్గి కొనయందు శూన్యమగును. సగటున సగమే పనిచేయును గనుక 10 మీటర్లు 5 మీటర్లుగనే లెక్కకు వచ్చును. పైన అడ్డతీగలు కట్టినచో కొనయందును ప్రవాహము కొంత నిలుచును. శిష్యుడు అట్లే కట్టెను. అడుగున 10 పాళ్లున్నచో పైన 6 పాళ్లు నిలుచునని వాని తీగల పొడవునుబట్టి అనుకొంటిమి. సగటు 8 పాళ్లు. కావున సార్థకమైన యెత్తు 8 మీటర్లు.

136 కిలోహెర్ట్జులవద్ద తరంగదైర్ఘ్యము 2204 మీటర్లు. లెక్కింపగా ప్రసరణ నిరోధము 0.0208 ఓము! అఱువదింటిలో ఇంత స్వల్పము. నేనును బిందువు తప్పితినేమో యని మఱల గణించితిని.

600 వాట్లను 60 ఓములచే భాగింప 10 వచ్చును. ఇది ప్రవాహముయొక్క వర్గము, అనగా ప్రవాహము 3.16 ఆంపియర్లు. 10ని 0.0208చే గుణింప, తరంగములై వెడలునది 0.208 వాటు మాత్రమే. తక్కిన 599 వాట్లకు పైగా వేడియై పోవుచున్నది. నేలపై నిలిచిన పొట్టి యేరియల్, ఆ యూహాదీపముకంటె క్షితిజమువైపు మూడు రెట్లు అధికముగా ప్రసరించును గనుక చట్టము లెక్కించు శక్తి 0.62 వాటు. శిష్యుడు నిర్దోషి.

వర్గపు మహిమ మఱియొకటి చూడుడు. సార్థకమైన యెత్తు 16 మీటర్లయినచో ప్రసరణ నిరోధము నాలుగు రెట్లగును. నష్టము మాఱకున్నయెడల అదే 0.62 వాటునకు 600కు బదులు 150 వాట్లు చాలును. కాని యెత్తు పెంచిన పిమ్మట 600 వాట్లే పంపినచో 2.5 వాట్లై అపరాధియగును! స్తంభము పొడిగింపదలచినచో ముందు ప్రవాహము తగ్గింపుమని వ్రాసితిని.

ఈ లెక్క బయలున నిలిచిన యేరియల్‌కు. దగ్గఱ చెట్లును ఇండ్లును ఉన్నచో సార్థకమైన యెత్తు ఇంకను తగ్గును. నిజము తేలవలెనన్న దూరముగా పోయి తరంగబలమును కొలువవలెను. ఏరియల్‌కు 350 మీటర్ల లోపల కొలిచినది మోసపుచ్చును. ఒక కిలోమీటరైనను నడువవలెను. పరికరము చేతికి రాగానే కొలిచి వ్రాసెదనని శిష్యుడు తెలిపియున్నాడు.