ఓడ ఆగలేదు... డబ్బులొస్తాయా?

2022 జూన్ 10. పుదుచ్చేరికి ఎదురుగా సముద్రంలో ఓ పెద్ద ఓడ నిలబడి ఉంది. పేరు ఎంప్రెస్. కార్డేలియా క్రూయిజెస్ సంస్థది. రెండు రోజుల కిందటే విశాఖపట్నం నుంచి బయల్దేరి వచ్చింది. అనుకున్న ప్రకారమైతే ఆ రోజు ప్రయాణికులంతా పుదుచ్చేరిలో దిగాలి. ఫ్రెంచి వీధులు చూడాలి. బీచిలో ఫొటోలు దిగాలి. తిరిగొచ్చి మళ్లీ ఓడెక్కాలి. కానీ ఓడలో కేసినో ఉందంటూ ఒడ్డున పార్టీలు అభ్యంతరం చెప్పాయి. ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఎదురుచూసీ చూసీ ఓడ దారి మళ్లించుకుని వెళ్లిపోయింది.

తుపాను లేదు. ఇంజిను చెడలేదు. అయినా టూరు కాగితంలో ఉన్న ఊరు చేజారింది. మరి ఆ ఊరి తాలూకు డబ్బుల సంగతేంటి?

'సముద్రమే లేని కడప జిల్లాకు ఈ ఓడల గొడవేందప్పా' అనుకోవచ్చు ఎవరైనా. కానీ ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉంటాం. ఆ చెన్నై నుంచే 2022లో విశాఖకు, 2023లో శ్రీలంకలోని హంబన్‌టోట, ట్రింకోమలీలకు విహార ఓడలు కదిలాయి. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా వచ్చింది. ఇక రెండో బొంబాయిగా పేరున్న ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగు, పులివెందులలోనూ పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. చూసిపోదామని వెళ్లిన అమ్మానాన్నలను ఆ పిల్లలు ఊరికే ఇంట్లో కూర్చోబెడతారా! ఏ మయామీలోనో గాల్వెస్టన్‌లోనో ఓడ ఎక్కిస్తారు. ఎటొచ్చీ టిక్కెట్టు కొనేటప్పుడు ఊళ్ల పేర్లు చూస్తారే తప్ప, వాటి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న షరతుల జోలికి ఎవరూ వెళ్లరు.

మన లెక్క... వాళ్ల లెక్క

ప్రొద్దుటూరు నుంచి నలుగురున్న కుటుంబం లక్షా ఇరవై వేలు కట్టి మూడు రేవుల టూరు కొన్నదనుకుందాం. ఒక రేవు తప్పింది. మూడో వంతు, అంటే నలభై వేలు వెనక్కి రావాలి. బంగారు అంగళ్ల ఊరు కదా, లెక్కలో తేడా ఉండదు. కానీ ఓడ కంపెనీ లెక్క వేరు. టిక్కెట్టు ధర గదికి, భోజనానికి, వినోదానికి, ప్రయాణానికి. రేవుకింత అని అందులో ఉండదు. పైగా దాదాపు అన్ని కంపెనీల షరతుల్లోనూ ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. ఏ కారణంతోనైనా, ముందుగా చెప్పకుండానే దారి మార్చొచ్చు, రేవు మానేయొచ్చు, దానికి పరిహారం ఇవ్వనక్కర్లేదు... అని!

అయితే ఏమీ రాదా? వస్తుంది, కొద్దిగా. బిల్లులో పోర్టు ఛార్జీలు, పన్నులు అని విడిగా ఒక పద్దు ఉంటుంది. ఓడ ఆగనప్పుడు ఆ రేవుకు కట్టాల్సిన రుసుం మిగులుతుంది. చాలా కంపెనీలు దాన్ని ప్రయాణికుల ఖాతాలో వేస్తాయి. నగదుగా కాదు, ఓడలోనే ఖర్చుపెట్టుకునే సొమ్ముగా. మిగిలిపోతే కార్డుకు తిరిగి వేస్తారా, అక్కడే పోతుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది కాబట్టి దిగేముందు కౌంటర్లో అడగాల్సిందే. ఒడ్డున ఊరు చూపించే టూరును ఓడవాళ్ల దగ్గరే కొని ఉంటే ఆ డబ్బు మామూలుగా పూర్తిగా వస్తుంది. తక్కువకు వస్తుందని బయట టాక్సీ మాట్లాడుకున్నారనుకోండి, అది టాక్సీవాడికీ మీకూ మధ్య వ్యవహారం. ఓడకు సంబంధం లేదు. చవక బేరం ఇక్కడే దెబ్బతీస్తుంది. రేవు తప్పితే ఇంతని ఇచ్చే ప్రయాణ బీమా పాలసీలు కొన్ని ఉన్నాయి. పాలసీలో ఆ మాట స్పష్టంగా ఉంటేనే!

నిలబడి తెచ్చుకున్నారు

షరతులు ఎంత గట్టివైనా ఒక్కోసారి వంగుతాయి. 2006 జనవరిలో క్వీన్ మేరీ 2 ఓడ అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవు నుంచి వెళ్తూ కాలువ గోడకు రాసుకుంది. ఓడను నడిపే నాలుగు యంత్రాల్లో ఒకటి దెబ్బతింది. వేగం తగ్గింది. అనుకున్న రోజుకు రియో డిజనీరో చేరాలంటే మధ్యలో ఆగకూడదు. అంతే, కరీబియన్ దీవుల్లో రెండు, బ్రెజిల్‌లో ఒకటి... మూడు మజిలీలు ఎగిరిపోయాయి. ఓడలో రెండున్నర వేల మంది దాకా ఉన్నారు. కంపెనీ సగం డబ్బు ఇస్తామంది. జనం ఒప్పుకోలేదు. రియోలో ఓడ దిగేది లేదని భీష్మించారు. చివరకు మొత్తం ఛార్జీ వెనక్కి ఇస్తామని కునార్డ్ సంస్థ ప్రకటించింది.

నడి సముద్రంలో ధర్నా అందరికీ సాధ్యమయ్యే పని కాదు. ఆ ఓడకున్న పేరు, పత్రికల్లో వచ్చిన రచ్చ కూడా అక్కడ పనిచేశాయి. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ ఓడ ఇంజిను గదిలో మంటలు లేచి రోజుల తరబడి సముద్రంలో చిక్కుకుపోయాక ఓడ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ఒకటి విడుదల చేసింది. యంత్రాలు చెడి ప్రయాణం మొత్తం రద్దయితే పూర్తి డబ్బు, మధ్యలో ముగిస్తే కొంత డబ్బు ఇస్తామని అందులో ఉంది. ఒక రేవు తప్పితే మాత్రం ఇంత ఇస్తామన్న హామీ లేదు. ఐరోపాలో పరిస్థితి కాస్త నయం. ప్యాకేజీలో చెప్పింది చెప్పినట్టు చూపించకపోతే ఆ మేరకు ధర తగ్గించాలని 2015లో చేసిన నిబంధన ఉంది.

కారణమే కీలకం

రేవు ఎందుకు తప్పిందన్న దాని మీదే మన పట్టు ఆధారపడి ఉంటుంది. ఎత్తయిన ఓడకు గాలి తెరచాపకు తగిలినట్టే తగులుతుంది. గాలి ఉద్ధృతంగా ఉంటే రేవులోకి తీసుకెళ్లడం ప్రమాదం. ఓడ దూరంగా ఆగి చిన్న పడవల్లో జనాన్ని దించే చోట కాస్త అల లేచినా కష్టమే. అలాంటప్పుడు కెప్టెన్ వద్దంటే వద్దంతే. వరద గోదావరిలో వెళ్లి 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. ఆపేసినవాడి మీద కేసు వేయడం కాదు, అతనికి దండం పెట్టాలి.

యంత్రం చెడడం, సిబ్బంది చేతకానితనం, అనుమతి చేతికి రాకముందే ఊరి పేరు కాగితంలో వేసి అమ్మేయడం... ఇవి గాలివానలు కావు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలో నిర్లక్ష్యంతో పాటు, కొనేవాళ్లకు తెలియాల్సిన సంగతిని కావాలని దాచిపెట్టడం కూడా ఉంది. ఓడ బయల్దేరకముందే ఫలానా రేవులో దిగడం అనుమానమేనని కంపెనీకి తెలుసని చూపించగలిగితే కేసు బలపడుతుంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకు బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే.

'షరతులకు ఒప్పుకునే కదా కొన్నారు' అంటుంది కంపెనీ. ఇళ్ల కొనుగోలుదారుల కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. అవతలివాడు రాసిన చోట సంతకం పెట్టడం తప్ప గత్యంతరం లేని ఏకపక్ష షరతులకు కొనుగోలుదారు కట్టుబడక్కర్లేదని. ఓడ టిక్కెట్టు గురించి చెప్పింది కాదది, కానీ వాదనకు పనికొస్తుంది. షరతే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేయాలంటే మాత్రం జిల్లా కమిషన్ చాలదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సేవాలోపానికి జిల్లా కమిషన్ చాలు.

కడపలోనే కేసు!

చాలామందికి తెలియని సంగతి ఇదే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు లాస్ ఏంజెలెస్‌లో ఓడ ఎక్కారు. ఓడలో జారిపడి ఆమెకు గాయమైంది. కేసు వేస్తే, టిక్కెట్టు మీద ఫ్లోరిడా కోర్టులోనే తేల్చుకోవాలని రాసి ఉందంది కంపెనీ. దేశానికి ఈ చివర ఇల్లు, ఆ చివర కోర్టు! 1991లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ మాటే చెల్లుతుందని తీర్పు చెప్పింది.

మన దగ్గరా పాత చట్టం ఉన్నప్పుడు కంపెనీ ఆఫీసున్న చోటికో, గొడవ జరిగిన చోటికో పోవాల్సి వచ్చేది. ముప్పై వేల కోసం ముంబయి చుట్టూ ఎవరు తిరుగుతారు? 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ బాధ తీర్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోటే కేసు వేయొచ్చు. పులివెందుల వాళ్లయినా జమ్మలమడుగు వాళ్లయినా బస్సెక్కి కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతే చాలు. పాతవాళ్లు ఫోరం అనేది దీన్నే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. గొడవ జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బస్సు కూడా ఎక్కలేమంటే 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని టిక్కెట్టులో రాసి ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.

మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఉందనుకుని నాలుగో నెలలో కంగారు పడకపోవడమే మంచిది! కేసు దాకా పోకుండా తేలే దారి కూడా ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే వాళ్లు కంపెనీతో మాట్లాడతారు. చిన్న మొత్తాలకు ముందు ఇది ప్రయత్నించాలి.

ఒక మెలిక. టిక్కెట్టును డాలస్‌లో ఉన్న అబ్బాయి తన కార్డుతో అమెరికా కంపెనీ దగ్గర కొంటే ఇదంతా పెద్దగా అక్కరకు రాదు. ఆ ఒప్పందం అక్కడిది. భారతదేశంలో ఏ ఆఫీసూ లేని కంపెనీ మీద ఇక్కడ గెలిచినా వసూలు చేయడం కష్టం. ఇక్కడి ఏజెంటు దగ్గర కొంటే ఏజెంటునూ కేసులో చేర్చొచ్చు. అందుకే డబ్బు ఎవరి పేరున కట్టామన్నది ముఖ్యం. మన ఊళ్లలో 'తెలిసినాయనే కదా' అని ఫోన్‌పేలో సొంత నంబరుకు పంపేసి, రసీదు అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు తర్వాత తెలుస్తుంది.

కాగితాలు ఓడలోనే పోగేసుకోవాలి. బుక్ చేసిన రోజు బ్రోచర్లో ఏముందో స్క్రీన్‌షాట్. రేవు రద్దయిందని గదికి పంపిన లేఖ, అందులో చెప్పిన కారణం. ఆ లేఖను చించి పారేసేవాళ్లే ఎక్కువ. కౌంటర్లో నోటితో అడిగి ఊరుకోకుండా మెయిల్ పెట్టాలి. చివరి బిల్లు ఎలాగూ ఇస్తారు.

ఓడలకే కాదు, ఇదంతా కాశీ బస్సుకూ వర్తిస్తుంది. కాశీ, ప్రయాగ, గయ అని చెప్పి డబ్బు కట్టించుకుని, ఆలస్యమైందంటూ గయకు పోకుండా బస్సు తిప్పేస్తే? తండ్రికి పిండం పెట్టడానికే బయల్దేరిన మనిషికి మిగతా ఊళ్లు ఎన్ని చూపించినా ఏం లాభం? ఫిర్యాదులో ఈ సంగతి రాయాలి. మూడింట ఒకటి తప్పిందని కాదు, ఆ ఒక్కదాని కోసమే వచ్చామని. బుక్ చేసేటప్పుడే ఏజెంటుకు ఆ మాట వాట్సప్‌లో రాసి పెడితే అదే రేపు సాక్ష్యం.

అన్నట్టు, పుదుచ్చేరి దగ్గర వెనుదిరిగిన కార్డేలియా ఓడకు ఆ తీరం మూడేళ్లకు దక్కింది. 2025 జులైలో ఆ సంస్థ ఓడ మళ్లీ వచ్చి సముద్రంలో లంగరు వేసింది. ఒడ్డున ఆందోళనలు ఈసారీ జరిగాయి. ప్రయాణికులు మాత్రం చిన్న పడవల్లో దిగి ఊరు చూసి వెళ్లారు.