ఇంజను మారిన బండిలో వేగము నిలుపుట



చేలకు నీరు తోడు ఆయిలు ఇంజనును మీరందఱును చూచియుందురు. పంపుమీద బరువు హెచ్చినను తగ్గినను అది ఇంచుమించు ఒకే వేగమున తిరుగుచుండును. దానికి కారణము గవర్నరు. ఇంజను మందగించినచో నూనె నెక్కువగా విడుచును. వేగము మించినచో తగ్గించును. 1788లోనే జేమ్సు వాట్ ఆవిరియంత్రమునకు గవర్నరును అమర్చెను.

ఈ న్యాయమునే మోటారుబండికి పట్టించిన ఉపకరణము క్రూజ్ కంట్రోల్. ఐదవయేటనే చూపు కోల్పోయిన రాల్ఫ్ టీటర్ అను అమెరికా ఇంజనీరు దీనిని కల్పించి 1950లో పేటెంటు పొందెను. 1958లో క్రైస్లర్ కంపెనీవారి కార్లలో ఇది వచ్చెను. కోరిన వేగమున మీట నొక్కి కాలు తీసినను బండి ఆ వేగముననే పోవును. బ్రేకు త్రొక్కగానే పట్టు వదలును.

అమెరికాలో పాత పికప్ బండ్లనుండి పెట్రోలు ఇంజనును తీసి డీజిల్ ఇంజనును పెట్టుకొను వాడుక కలదు. అట్లు మార్చినపిమ్మట క్రూజ్ కంట్రోల్ తఱచుగా పనిచేయదు. యజమాని అది చెడినదని తలచి క్రొత్తది కొనును, అదియు పనిచేయదు. నేను చెప్పదలచినది ఇదియే: పెక్కుసారులు చెడినది ఉపకరణము కాదు. పాత ఇంజను దానికి అడుగకయే అందించుచుండిన మూడు వస్తువులు ఇప్పుడు అందుట లేదు.

మొదటిది లాగుడుబలము; దీనినే వాక్యూము అందురు. పెట్రోలు ఇంజనులో గాలి పోవు దారియందు తలుపువంటి రేకు కలదు. అది మూసియుండగా ఇంజను గాలిని పీల్చుటచే లోపలి గాలి పలుచబడును. నెమ్మదిగా తిరుగునపుడు ఆ లాగుడు పాదరసపు కొలతలో సుమారు 18 మొదలు 20 అంగుళములుండును. పాత క్రూజ్ కంట్రోల్ ఈ బలముతోనే రబ్బరు పొరను లాగి, దానికి కట్టిన లాగుడుతీగతో ఆ రేకును త్రిప్పును. పాత డీజిల్ ఇంజనులలో అట్టి రేకు లేదు. గాలి అడ్డులేక లోనికి పోవును; ఇంధనము ఎంత పోయవలెనో అంత పోయుటయే పని. కావున లాగుడు లేదు. 1989లో డాడ్జి కంపెనీవారు కమిన్సు డీజిల్ ఇంజనుతో పికప్ బండ్లను తెచ్చినపుడు వాక్యూము పంపును వేఱుగా అమర్చిరి. ఇంజనును తెచ్చుకొని ఆ పంపును విడిచినవానికి ఉపకరణ మెట్లు పనిచేయును? బండిని నిలిపి, ఇంజను తిరుగుచుండగా, ఉపకరణమునకు వచ్చు రబ్బరు గొట్టమును ఊడదీసి కొనకు వ్రేలు అడ్డము పెట్టుడు. వ్రేలిని గట్టిగా లాగినచో బలమున్నది. లాగనిచో పంపును, గొట్టపు చిల్లులను చూడవలెను.

రెండవది వేగపు సంకేతము. గేరుపెట్టె వెనుకనుండు సాధనము బండి వేగమును విద్యుత్తుద్వారా తెలుపును. ఇంజనుతో గేరుపెట్టెయు మారినచో ఆ తీగ ఊడియుండవచ్చును, లేక లెక్క మారియుండవచ్చును. కొన్ని ఉపకరణములు నిప్పురవ్వ పుట్టించు కాయిలునుండి చుట్ల లెక్కను కూడ తీసికొనును. డీజిల్ ఇంజనులో ఆ కాయిలు లేదు. లెక్కను ఆల్టర్నేటరునుండి ఇయ్యవచ్చును.

మూడవది మీట కదలిక. డీజిల్ పంపు మీట పాత రేకువలె అంతే దూరము కదలదు. లాగుడుతీగ వదులైనచో వేగము హెచ్చుచు తగ్గుచు ఊగిసలాడును. కొన్ని పంపులలో అన్ని వేగములను కాయు గవర్నరు ముందే యుండును. ఒక పాలేరుకు ఇద్దఱు పెత్తందార్లున్నట్లు, అప్పుడును ఊగిసలాట కలుగవచ్చును. తీగ మిక్కిలి బిగువైనచో మీట మొదటికి రాదు. ఇదియే అన్నిటికంటె అపాయకరము.

నేటి ఇంజనులలో లాగుడుతీగ లేదు. ఇంజను కంప్యూటరే ఈ పని చేయును. అచ్చట బ్రేకు, వేగము, మీట తెలుపు సంకేతములు దానికి చేరుచున్నవో లేదో దాని నెఱిగినవానిచేతనే చూపింపవలెను.

ఇక బ్రేకు మాట. బ్రేకు దీపములు మాడినను, వానికి బదులు ఎల్‌ఇడి దీపములు పెట్టినను కొన్ని ఉపకరణములు అసలు పట్టవు. పని జరుగవలెనని బ్రేకు స్విచ్చిని తప్పించి తీగలు కలుపువారు కలరు. అది ప్రాణములతో ఆట. పెట్రోలు ఇంజను తాళము త్రిప్పగనే ఆగును. పాత డీజిల్ ఇంజనుకు, మీ ఆయిలు ఇంజనువలెనే, నూనె ఆపిననే గాని ఆగుట లేదు. కావున తొలుత ఇంజను ఆపియుండగా మీటను చేతితో లాగి విడువుడు. అది స్ప్రింగు బలముచే వెంటనే మొదటికి రావలెను. నూనె ఆపు ఏర్పాటు పనిచేయుచున్నదో చూడుడు. పిదప పగటివేళ, ఖాళీగానున్న తిన్నని రోడ్డుమీద, ఉపకరణము పట్టు కనిష్ఠవేగమున పెట్టి బ్రేకును తాకి చూడుడు. వేగము నిలిచినదా అని కాక, బ్రేకు తాకగానే వదలినదా అని ముందు పరీక్షింపవలెను. అట్లు వదలిననాడే ఆ బండిని దూరప్రయాణమునకు తీసికొనిపోవుడు.